కుక్కకాటు మందు: దూరాల చరిత్ర

వైద్యశాస్త్ర చరిత్రను మహనీయుల చరిత్రగా చదవడానికి మనం అలవాటు పడ్డాం. జెన్నరు మశూచికి టీకా కనిపెట్టాడు, పాశ్చరు పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టాడు, రాస్ మలేరియా గుట్టు విప్పాడు. పాఠ్యపుస్తకం ఇక్కడితో ముగుస్తుంది. కనిపెట్టిన మందు మనిషి దాకా ఎలా వచ్చింది, ఎవరి దాకా ముందు వచ్చింది, ఎవరి గడప ఇవతల ఆగిపోయింది అనే ప్రశ్నలకు ఆ పుస్తకంలో చోటు లేదు. నిజానికి ప్రజల చరిత్ర అక్కడే మొదలవుతుంది. తెలుగు సాహిత్యం చెప్పుకుని బతికే వాడికి వైద్యం గురించి రాసే అర్హత ఏముందని పాఠకులు అడగవచ్చు. నేను రాస్తున్నది వైద్యం గురించి కాదు, దూరం గురించి. ‘దగ్గర’ అనే మాటకు అర్థం నాకు ఈమధ్యనే తెలిసింది గనుక రాస్తున్నాను.

మా కళాశాలలో బి.ఎ. చదువుతున్న ఒక విద్యార్థి కుటుంబం చాంద్రాయణగుట్ట దాటి లోపలికి పోతే వచ్చే ఒక బస్తీలో వుంటుంది. తల్లి నాలుగిళ్ళల్లో అంట్లు తోమి, బట్టలుతికి పిల్లల్ని చదివిస్తున్నది. ఒకనాటి సాయంత్రం ఆ విద్యార్థి ఫోను చేశాడు. “సార్, మా తమ్మున్ని కుక్క కరిసింది. పిక్క మీద మస్తు గాయమైంది. మా అమ్మ పసుపద్ది గుడ్డ కట్టింది. ఏం జెయ్యాలె?” పసుపు తీసేసి, సబ్బు రాసి, నీళ్ళ ధార కింద పావుగంటసేపు కడగమన్నాను. ఆ మాట సరైనదే. ఆ తర్వాత, “దగ్గర్లో వున్న ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపొండి” అన్నాను. ఫోను పెట్టేసి, చేయవలసింది చేశానన్న తృప్తితో భోజనానికి కూర్చున్నాను.

దగ్గర్లో వున్న చోటికి వాళ్ళు వెళ్ళారు. సూది వేసే మనిషి ఇంటికి వెళ్ళిపోయాడు, పొద్దున రమ్మన్నారు. పొద్దున వెళితే, ఒక్కడికోసం సీసా తెరవడం కుదరదు, ఇంకెవరైనా వస్తారేమో చూద్దాం, కూర్చోమన్నారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక గాయం విప్పి చూసి, ఇది లోతైన కాటు, టీకా ఒక్కటే చాలదు, గాయంలో సీరం కూడా ఎక్కించాలి, అది మా దగ్గర వుండదు, మూసీ దాటి పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. కరిచిన తర్వాత పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక, మరునాటి సాయంత్రానికిగాని ఆ పిల్లవాడి ఒంట్లో మందు పడలేదు. ‘కుక్క కాటుకు చెప్పుదెబ్బ’ అని సామెత. పేదవాడి విషయంలో ఆ చెప్పుదెబ్బ కుక్కకు తగలదు, కాటు తిన్నవాడికే తగులుతుంది.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఆ మేరకు భారం తగ్గిందా అని అమాయకంగా అడిగాను. ఆ తల్లి నా మొహంలోకి చూసి, “బస్సు ఫిరీనే సారూ. దినం ఫిరీ గాదు గద!” అన్నది. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు: ఇవీ సూదులు వేయించుకోవలసిన రోజులు. ప్రతిసారీ కోటీలో బస్సు మారాలి, వరసలో నిలబడాలి, తిరిగి రావాలి. ఏడోనాటి ప్రయాణానికి ఒక ఇంటి పని పోయింది. ఇరవై ఎనిమిదోనాటి ప్రయాణానికి ఇంకొకటి పోకుండా చూసుకోవడమెలా అన్నది ఆమె ముందున్న సమస్య. ఆ ప్రయాణం మానుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. జలభయం మొదలయ్యాక ప్రపంచంలో ఏ వైద్యుడూ దాదాపుగా ఎవరినీ బతికించలేడు. మొదలుకాకముందు, సకాలంలో మందు పడితే దాదాపుగా ఎవరూ చావనక్కరలేదు. చావుకూ బతుకుకూ మధ్య ఇంత స్పష్టంగా గీత గీసివున్న వ్యాధి మరొకటి లేదు. అంచేత ఈ వ్యాధితో ఎవరైనా చనిపోతే వారిని చంపింది శాస్త్ర దారిద్ర్యం కాదు, సమాజపు ఏర్పాటే అనక తప్పదు.

ఈ దూరం నిన్న మొన్న పుట్టింది కాదు. మందుతోపాటే పుట్టింది. 1885 జూలైలో అల్సాస్ ప్రాంతం నుంచి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, కాటుపడిన రెండు రోజులకు, అతని తల్లి పారిస్ చేరింది. అల్సాస్ అప్పటికి జర్మనీ చేతిలో వుంది. అంటే ఆ తల్లి సరిహద్దు దాటి రావలసివచ్చింది. ఆ మరుసటి సంవత్సరం రష్యాలోని స్మోలెన్‌స్క్ ప్రాంతాన తోడేలు కరిచిన పందొమ్మిదిమంది రైతులు యూరప్ ఖండాన్ని అడ్డంగా దాటి పారిస్ చేరారు. వాళ్ళలో పదహారుగురు బతికారు. పాఠ్యపుస్తకం పాశ్చరును కీర్తిస్తుంది. కీర్తించవలసిందే. ఆ తల్లి ప్రయాణాన్నీ, ఆ రైతుల ప్రయాణాన్నీ మాత్రం అది లెక్కలోకి తీసుకోదు.

అయితే ఆనాటి దూరానికి ఒక శాస్త్రీయ కారణం లేకపోలేదు. పాశ్చరు మందు కుందేలు వెన్నుపామును ఎండబెట్టి, రోజురోజుకూ తాజాగా తయారుచేసుకోవలసిన పదార్థం. అది ప్రయాణం చేయలేదు. కాబట్టి రోగే ప్రయాణం చేయవలసివచ్చింది. మన దేశంలో పాశ్చర్ సంస్థ లేని రోజుల్లో కుక్క కరిచిన తెల్ల సిపాయిలను దొరతనంవారు పారిస్ పంపేవారు. నల్లవాడికి నాటుమందే గతి. 1900లో మొదటి పాశ్చర్ సంస్థ హిమాలయాల ఒళ్ళో, దండు వున్న కసౌలీలో వెలసింది. 1907లో దక్షిణాదికోసం రెండవది నీలగిరుల మీద కూనూరులో వెలసింది. చల్లటి వాతావరణం ఆ మందుకు అనుకూలమన్న మాటలో నిజం వుంది. కాని ఆ చల్లదనం దొరలకు కూడా అనుకూలమన్నది అంతకంటె పెద్ద నిజం. గోదావరి జిల్లాలో కూలిమనిషిని పిచ్చికుక్క కరిస్తే అతడు మద్రాసు చేరాలి, అక్కడినుంచి మేట్టుపాళయం చేరాలి, అక్కడ కొండరైలు ఎక్కాలి. మందు కొండమీద, మనిషి మైదానంలో. వలసపాలన గీసిన ఆరోగ్య పటం ఇది.

ఆ శాస్త్రీయ కారణం కూడా 1911లో తొలగిపోయింది. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే సైనిక వైద్యుడు జంతువు మెదడులో పెంచిన రేబీస్ విషాన్ని కార్బాలిక్ ఆమ్లంతో చంపి, సీసాలో నిలవవుండే టీకా తయారుచేశాడు. ఇక మందే ప్రయాణం చేయగలదు. జిల్లా ఆస్పత్రికి, తాలూకా ఆస్పత్రికి దాన్ని పంపవచ్చు. చరిత్ర విద్యార్థులు ఈ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1911కు పూర్వపు దూరాన్ని ప్రయోగశాల సృష్టించింది. ఆ తర్వాతి దూరాన్ని పాలకులు సృష్టించారు.

సెంపుల్ టీకా గొప్పదేమీ కాదు. బొడ్డు చుట్టూ, రోజుకొకటి చొప్పున, పద్నాలుగు సూదులు. కొందరికి ఆ మందు వల్లనే పక్షవాతం వచ్చేది. 1970లలో, 80లలో జీవకణాల్లో పెంచిన మేలైన టీకాలు వచ్చి, ధనిక దేశాలు వాటికి మారిపోయాక కూడా మన సర్కారు ఆస్పత్రుల్లో గొర్రె మెదడు మందే నడిచింది. డబ్బున్నవాడు మందుల దుకాణంలో కొత్త టీకా కొని జబ్బకు పొడిపించుకున్నాడు, లేనివాడు బొడ్డు చుట్టూ పొడిపించుకున్నాడు. 2004 చివరితోగాని మన దేశం ఆ మందుకు స్వస్తి చెప్పలేదు. మందు పోయింది, భయం పోలేదు. చాంద్రాయణగుట్ట తల్లి కూడా నన్ను మొదట అడిగింది, “బొడ్డు సుట్టు సూదులేస్తరంట గద సారూ?” అనే. శాసనాలు చదివేవారికి రాతిమీది అక్షరం ఎలాగో, నాకు ఆ మాట అలాగ. అన్యాయం ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటినా దాని ముద్ర ప్రజల నోట మిగిలివుంది. ఆ భయంతోనే ఇవాళ్టికీ ఎందరో పసరుమందుకూ, మంత్రానికీ పోతున్నారు. అది వారి అజ్ఞానమని మనం ఈసడించుకుంటాం. అది వారి జ్ఞాపకమని గ్రహించం.

ఇక మన నగరానికి వద్దాం. హైదరాబాదులో కుక్కకాటు అనగానే తరతరాలుగా జనం తలచుకునే చోట్లు రెండు. ఒకటి నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ, రెండవది నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రి. ఈ రెండో దానికి జనం పెట్టుకున్న పేరు కోరంటి దవాఖానా. క్వారంటైన్ అనే మాట మన నాలుక మీద అరిగి కోరంటి అయింది. అంటురోగులను ఊరికి దూరంగా వుంచడంకోసం పుట్టిన చోటు అది. రోగిని ఊరినుంచి దూరం చేయడం నాటి విధానం. ఊరు పెరిగి దాన్ని తనలో కలుపుకున్నది. ఇప్పుడు దూరమైంది రోగి ఇల్లు. ఈ రెండు సంస్థలూ మూసీకి ఉత్తరానే వున్నాయి, ఒకదానికొకటి రెండు మూడు కిలోమీటర్ల ఎడంలో వున్నాయి. చాంద్రాయణగుట్ట నుంచి నారాయణగూడకు పది కిలోమీటర్లకు పైమాటే.

ఇవి ఉత్తరానే ఎందుకున్నాయి? ఇది ఎవరో ఒక అధికారి చేసిన పొరపాటు కాదు. 1591లో మూసీకి దక్షిణాన పుట్టిన నగరం అధికారాన్ని వెంటబెట్టుకుని క్రమంగా ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఉత్తరపు గట్టున కోటీలో బ్రిటిష్ రెసిడెన్సీ లేచింది. ఆ పైన సికింద్రాబాదు దండు వెలసింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఏడవ నిజాము నారాయణగూడ పక్కనే కింగ్ కోఠీలో నివసించాడు. విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ వైపు వెళ్ళింది. దక్షిణాన ఏమీ కట్టలేదని అనను. హైకోర్టు ఆ గట్టుననే వుంది. కాని ఉస్మానియా ఆస్పత్రి నదికి ఉత్తరపు గట్టునే లేచింది. 1948లో నిజాము పాలన అంతరించింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించింది, 2014లో తెలంగాణ ఏర్పడింది. పాలకులు మారారు, పటం మారలేదు. 1990 దశకం చివర సంపద ఇంకో దిక్కుకు, పడమటికి, హైటెక్ సిటీ వైపు జరిగింది. 2007లో పన్నెండు పురపాలక సంఘాలను కలిపి సుమారు 650 చదరపు కిలోమీటర్ల మహానగరాన్ని ప్రకటించారు. నగరం దాదాపు నాలుగింతలైంది. దక్షిణపు బస్తీలకు తోడు శివారు బస్తీలు వచ్చి చేరాయి. జనం తలచుకునే పేర్లు మాత్రం ఆ రెండే. 2020లో మెట్రో రైలు మార్గం ఒకటి మూసీ ఒడ్డున వున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వచ్చి ఆగింది. ఫలక్‌నుమా దాకా వేస్తామన్న ముక్క అప్పటికి కాగితం మీదనే మిగిలింది. నది అంత వెడల్పయినది కాదు. కాని దాని మీద వంతెన వేసేది ఇంజనీరు ఒక్కడే కాదు.

‘అలాగెలా అంటారు? పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి, 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి, టీకా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది’ అని కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పవచ్చు. అవి రావడం నిజం, మంచిదే. కాని భవనం వుండడం వేరు, ఆ పూట అక్కడ మందు వుండడం వేరు, వున్న మందును ఒక్క మనిషికోసం తెరవడం వేరు. ఇందులో ఒక కిటుకు వుంది. అది తెలియకపోతే మా విద్యార్థి తమ్ముణ్ణి మధ్యాహ్నం దాకా ఎందుకు కూర్చోబెట్టారో అర్థం కాదు.

మొదట కొత్త టీకాను కండలో వేసేవారు. అయిదుసార్లు, ప్రతిసారీ ఒక పూర్తి సీసా. అది ఖరీదు. థాయిలాండు వైద్యులు దాన్ని చర్మం పొరలో, చుక్కంత మోతాదులో, రెండు చోట్ల వేసినా అంత రక్షణా ఇస్తుందని నిరూపించారు. 2006లో మన దేశం ఆ పద్ధతిని ఆమోదించింది. పాత పద్ధతిలో ఒక్కరికి పట్టే మందు ఇందులో కనీసం ముగ్గురికి సరిపోతుంది. పేదదేశాలకు ఇది నిజంగా వరం. కాని సీసా ఒకసారి కలిపితే ఆరేడు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాలి. రోజుకు వందలమంది వచ్చే పెద్దాస్పత్రిలో చుక్క వృథా కాదు. రోజుకు ఒకరో ఇద్దరో వచ్చే బస్తీ కేంద్రంలో ప్రతి సీసా ‘నష్టం’గా లెక్కలోకి ఎక్కుతుంది. ఆ లెక్కకు సంజాయిషీ చెప్పుకోవలసిన చిన్న ఉద్యోగి ఏం చేస్తాడు? కూర్చోమంటాడు, లేదా పెద్దాస్పత్రికి పొమ్మంటాడు. అతణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. మందులో చేసిన పొదుపు మనిషి కాలు మీద ఖర్చుగా పడుతున్నది. సెంపుల్ టీకా రోగి దగ్గరకు ప్రయాణం చేయగలిగింది. అంతకు వందరెట్లు మేలైన నేటి టీకా, లెక్కపుస్తకం కారణంగా, మళ్ళీ రోగినే ప్రయాణం చేయిస్తున్నది. ఉత్పత్తి సాధనం ముందుకు వెళ్ళి, పంపిణీ సంబంధాలు వెనక్కు లాగడమంటే ఇదే. ఈ టీకాను తయారుచేసే ఒక పెద్ద ప్రభుత్వరంగ సంస్థ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే, గచ్చిబౌలిలోనే వుందని చెబితే చిత్రం పూర్తవుతుంది.

సీరం సంగతి మరీ కష్టం. చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు టీకాతోపాటు గాయంలోనే సీరం ఎక్కించాలి. టీకా శరీరంలో రక్షణ పుట్టించడానికి వారం పదిరోజులు పడుతుంది. ఆ మధ్యకాలంలో కాపలా కాసేది సీరమే. అది ఖరీదైనది, దాన్ని ఎక్కించడానికి చేయి తిరిగిన మనిషి కావాలి. కాబట్టి అది పెద్ద ఆస్పత్రుల్లోనే పోగుపడుతున్నది. కరిచే కుక్కలు మాత్రం చెత్తకుప్పలు ఎత్తని సందుల్లో పోగుపడుతున్నాయి. మన దేశంలో ఏటా 91 లక్షల జంతుకాట్లు జరుగుతున్నాయనీ, 5,726 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారనీ భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో జరిపిన సర్వే అంచనా కట్టింది. కుక్క కరిచినవారిలో దాదాపు అయిదింట ఒక వంతు మంది టీకా అసలే వేసుకోలేదని అదే సర్వే తేల్చింది. ప్రపంచంలో ఈ జబ్బుకు బలయ్యేవారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళ లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబీస్‌ను నిర్మూలిస్తామని 2021లో కేంద్రప్రభుత్వం ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళికకు తేదీ వుంది. బస్తీకి సీరం చేరే తేదీ ఎప్పుడన్నదే ప్రశ్న.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక పసివాణ్ణి చంపిన దృశ్యం చూసి నగరమంతా కంపించింది. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులకు దేశంలోని విద్యావంతులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. కుక్కలను పట్టుకుపోవాలని ఒకరు, కుక్కలకూ హక్కులున్నాయని ఇంకొకరు. పత్రికల్లో పేజీలు నిండాయి. కరిచినవాడికి మందు ఎంత దూరంలో వుంది అని ఆ రెండు శిబిరాల్లోనూ అడిగినవారు బహుకొద్దిమంది. ఎందుకంటే వాదించేవారి ఇంటికి మందు దగ్గర. ఈ మాట నాకు కూడా వర్తిస్తుంది. బర్కత్‌పురలో ఒక అద్దె ఇంట్లో వుంటూ, నారాయణగూడ మీదుగా పదేళ్ళుగా నడుస్తున్నాను. పొద్దున్నే పిల్లల్ని చంకనేసుకుని వరసలో నిలబడిన ఆడవాళ్ళను చూశాను. చూసి, వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారని ఒక్కనాడూ అడగలేదు. ‘దగ్గర్లో వున్న ఆస్పత్రి’ అని నేను అనగలిగింది నా వీధిలో నిలబడి గనుక. మనం ఏ వీధిలో నిలబడి మాట్లాడుతున్నామో మన మాటకు ఆ వీధి అర్థమే వస్తుంది.

ఇప్పుడు అడగవలసినవి పెద్ద కోరికలేమీ కాదు. ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలోనూ ప్రతిరోజూ టీకా వుండాలి. వచ్చింది ఒక్క మనిషే అయినా సీసా తెరవాలి, మిగిలినదాన్ని ‘నష్టం’గా రాసే పద్ధతి పోవాలి. మూసీకి దక్షిణాన, శివార్లలో, ప్రతి ప్రాంతీయ ఆస్పత్రిలో రాత్రింబవళ్ళు సీరం దొరకాలి. ఏ మందు ఎక్కడ, ఏ వేళ దొరుకుతుందో ప్రతి బస్తీలో తెలుగులోనూ ఉర్దూలోనూ గోడమీద రాసి వుండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త శాస్త్రం అక్కరలేదు. అవసరమైన శాస్త్రం ఇప్పటికే వుంది.

అయితే అడిగేముందు మనకు తెలియాలి. మా తరగతిలో నేనొక చిన్న పని మొదలుపెట్టాను. ప్రతి విద్యార్థీ తన ఇంటినుంచి ‘దగ్గర్లో వున్న’ కేంద్రానికి స్వయంగా వెళ్ళి, టీకా వుందా, సీరం వుందా, ఏ వేళ వేస్తారు, అక్కడికి చేరడానికి ఎంతసేపు పట్టింది అని రాసుకు వస్తున్నాడు. ఆ కాగితాలను నగర పటం మీద గుచ్చుతున్నాం. ఇతర కళాశాలల అధ్యాపక మిత్రులు కూడా ఈ పని చేపట్టాలని నా మనవి. వ్యాసరచనకు ఇంతకంటె మంచి అంశం ఇవ్వలేం.

మా విద్యార్థి తమ్ముడు నాలుగు సూదులూ పూర్తిచేసుకున్నాడు. ఇరవై ఎనిమిదోనాడు అతణ్ణి తీసుకువెళ్ళింది తల్లి కాదు, నేను. ఆమె పని పోకుండా నిలిచింది. ఇందులో నేను గర్వించవలసింది ఏమీ లేదు. ఒక అధ్యాపకుడికి సెలవు దొరికితే తీరే సమస్య కాదిది. ఆనాడు వరసలో మా ముందు ఇరవైమంది వున్నారు. మీరెక్కడినుంచి వచ్చారని ఈసారి అడిగాను. కాటేదాన్ అన్నారు, పహాడీ షరీఫ్ అన్నారు, జల్‌పల్లి అన్నారు. ఆ పేర్లన్నీ రాసుకున్నాను.